తెర మీద పడిన మాట

పోయిన వారం పిట్టని మహాసభ ఆవరణలో, వేదిక పక్కన బల్ల ముందు, వేలు బటను మీద ఉంచి వదిలేసి వచ్చాం. ఆ వేలు చేసిన నిర్వాకం మర్చిపోయినవాళ్ళ కోసం ఒక్కసారి చెప్పుకుని ముందుకు పోదాం. గుర్తున్నవాళ్ళు ఈలోగా టీ పెట్టుకోవచ్చు.

పిట్టకి పందొమ్మిదేళ్ళు. వచ్చే ఆదివారం మొదటిసారి ఓటు వేయబోతోంది. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ వాగుడు ఆపలేదని వాళ్ళ నాన్న ముద్దుగా పెట్టిన పేరది. ఇప్పుడా నాన్నకి ఆ వాగుడు వినపడదు. రేకుల కర్మాగారంలో, రేకులు నొక్కే యంత్రాలు హోరెత్తే ప్రెస్సు షెడ్డులో, ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చాడు. పిట్ట పనిచేసేది పిన్ని దుకాణంలో. సభలకి మైకులు, తెరలు అద్దెకిచ్చే దుకాణం అది. వేదిక మీద వక్త మాట్లాడుతుంటే ఆ మాటలు పెద్ద పెద్ద అక్షరాల్లో తెర మీద పడేలా చూడటం ఈ అమ్మాయి ఉద్యోగం. ప్రసంగం ముందే రాసి పంపుతారు. దాన్ని కంప్యూటర్లో ఎక్కించుకుని, వక్త ఒక్కో వాక్యం పలకగానే ఒక్కోసారి బటను నొక్కుతుంది.

ఆదివారం మహాసభలో నాయకురాలు పదిహేడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగి, దాన్ని దాటేసింది. పిట్ట వేలు దాటలేదు. "ప్రెస్సు షెడ్లలో పనిచేసి వినికిడి పోగొట్టుకున్న ప్రతి కార్మికుడికీ తగిలింది పనిలో తగిలిన దెబ్బేనని మా ప్రభుత్వం మొదటి నెలలోనే చట్టం చేస్తుంది" అన్న వాక్యం పదకొండు సెకన్లు తెర మీద నిలబడింది. సభలో ఇరవై వేలమంది కళ్ళు నాయకురాలి మీదే పెట్టి, చెవులు రిక్కించి వింటున్నారు. వాళ్ళెవరికీ ఆ మాట చేరలేదు. తెరకి ఎదురుగా కూర్చున్న వినికిడి లేని కార్మికులు రెండు వందలమంది మాత్రం ఒక్కసారిగా లేచి రెండు చేతులూ పైకెత్తారు. అందరికంటే ముందు లేచినవాడు పిట్ట నాన్న. వాళ్ళకెందుకంత సంబరమో తెలియని నాయకురాలు గుండెల మీద చెయ్యి వేసుకుని, అవునన్నట్టు తలూపింది.

ఇవాళ బుధవారం. పిట్ట ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. నిద్ర పడుతోంది, అన్నం సహిస్తోంది, పనిలో తేడా లేదు. కానీ నాన్న ఎదురుపడితే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు పక్క గదిలోకి జారుకుంటోంది.

పొద్దున్న పది దాటాక దుకాణం వెనక గదిలో పిన్ని వైర్లు చుట్టలు చుడుతోంది. వైరు చుట్టడం కూడా ఒక విద్యే. ఒక చుట్టు లోపలికీ ఒక చుట్టు బయటికీ వెయ్యకపోతే మర్నాడు సభలో మెలికపడి పరువు తీస్తుంది. పిట్ట రేపటి సభకి పెట్టెలు లెక్కచూస్తోంది. అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు.

వచ్చినాయన నాయకురాలి ప్రసంగాలు రాసే రచయిత. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేలాడేసుకున్నాడు, మాటిమాటికీ దాని కోసం జేబులు తడుముకుంటున్నాడు. కూర్చోవడానికి కుర్చీ లేక లౌడ్‌స్పీకరు పెట్టె మీద కూర్చున్నాడు.

"చిన్న కాగితం అమ్మాయ్. ఒక సంతకం పెట్టావంటే నా దారిన నేను పోతాను," అన్నాడు.

పిట్ట కాగితం అందుకుంది. రెండే వాక్యాలు. యంత్రంలో తలెత్తిన లోపం వల్ల, ప్రసంగంలో లేని ఒక వాక్యం తెర మీద కనిపించింది. దీనికీ నాయకురాలికీ ఏ సంబంధమూ లేదు.

మూడు రోజులుగా ఈ ఘడియ వస్తుందని తెలుసు. వచ్చేసరికి మాత్రం వింతగా ధైర్యమొచ్చింది, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికొచ్చాక వచ్చే ధైర్యం లాంటిది.

"యంత్రంలో లోపమేం లేదు సార్. లోపం నా వేల్లో ఉంది," అంది.

పిన్ని చేతిలో వైరు ఆగింది. "ఏమన్నావే?"

"ఆవిడ అనలేదు పిన్నీ. నేను నొక్కేశాను."

పనిలో చేరిన మొదటి రోజు పిన్ని నేర్పిన పాఠం ఒక్కటే. వేలు చెవి వెనకాలే నడవాలి, కంటి వెనకాల నడవకూడదు. కాగితం మీద ఏముందన్నది అనవసరం, నోట్లోంచి ఏమొచ్చిందన్నదే లెక్క. రెండేళ్ళలో పిట్ట ఆ పాఠం ఒక్కసారి తప్పింది. అది కూడా ఇరవై వేలమంది ముందు.

ఎందుకు తప్పిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. రెండు వారాల్లో పిట్ట రెండు మహాసభలకి అక్షరాలు వేసింది. మొదటిది అవతలి పక్షానిది. మైకుకి పక్షం ఉండదని పిన్ని సిద్ధాంతం. అవతలి పక్షం నాయకుడు గంటంబావు మాట్లాడాడు. అందులో "మిత్రులారా" అన్నమాట అరవై మూడుసార్లు ఉందని ముందే చూసుకుని పిట్ట దానికి విడిగా ఒక బటను కేటాయించింది. పంపిన కాగితంలో ఒకచోట "ఇక్కడ నవ్వుతారు" అని బ్రాకెట్లో ఉంది. ఆయన అక్కడికొచ్చి ఆగాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఇంకా ఆగాడు. చివరికి మైకుల పెట్టె దగ్గర్నుంచి పిన్నే జాలిపడి ఒక్క నవ్వు నవ్వింది.

ఆ ప్రసంగంలో "యువతరం" పదకొండుసార్లు వచ్చింది. మొదటి ఓటు కదా, పిట్ట ఆశగా తనెక్కడుందో వెతుక్కుంది. ఒకచోట యువతరం జెండా మోస్తోంది, ఇంకోచోట దారి తప్పుతోంది, మరోచోట రేపటి సూర్యుడట. ఆరుంపావు బస్సు అందుకోవాలని గడియారం చూసుకునే యువతరం మాత్రం ఎక్కడా లేదు. ఇంటికొచ్చి అమ్మతో, "మా గురించి చెప్పిందంతా మమ్మల్ని ఒక్కసారి కూడా చూడనివాళ్ళు రాశారే," అంది.

నాయకురాలి ప్రసంగం కూడా అలాగే ఉంటుందనుకుని శనివారం సాయంత్రం కాగితాలు తిరగేసింది. పదహారు పేజీలు అలాగే ఉన్నాయి. పదిహేడో పేజీలో ఆ వాక్యం కనపడింది. మూడుసార్లు చదివింది. ప్రెస్సు షెడ్డు అన్నమాట ఏ నాయకుడి కాగితంలోనైనా చూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నాన్నకి అప్పుడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆపుకుంది. పదిమంది మధ్య, పెద్ద తెర మీద, ఆయనే చదువుకోవాలని కోరిక. మర్నాడు సభలో పదహారో పేజీ అయిపోయేసరికి పిట్ట కళ్ళు నాన్న మీదే ఉన్నాయి. చెవి ఎక్కడికి పోయిందో ఆ పిల్లకే తెలియదు. అభిమానంలో వేలు ముందుకెళ్ళిపోయింది, అంతే.

"సరే అయితే," అన్నాడు రచయిత, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "యంత్రం వద్దు. ఆపరేటరు పొరపాటు అని రాద్దాం."

"రాయండి. పొరపాటు నాదే, సంతకం పెడతాను. 'ప్రసంగంలో లేని' అన్నది మాత్రం కొట్టెయ్యండి సార్."

"ఎందుకని?"

"ఉంది కాబట్టి." పిట్ట సొరుగులోంచి కాగితాల కట్ట తీసి, పదిహేడో పేజీ ఆయన మోకాలి మీద పెట్టింది. పేజీ మూల టీకప్పు అడుగు అచ్చు గుండ్రంగా పడి ఉంది. "మీరు పంపిన కాపీయే ఇది."

"ఆ కాపీ పాతదమ్మాయ్."

"కొత్తది ఎప్పుడు పంపారు?"

రచయిత కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు. వైర్ల దగ్గర్నుంచి పిన్ని జవాబు చెప్పింది. "పంపలేదు. పంపుంటే నా ఫోనుకే వచ్చేది."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నీళ్ళు నమిలి నమిలి చివరికి బయటపెట్టాడు. సభకి వస్తూ కారులో నాయకురాలు ఆ వాక్యం ఎర్ర పెన్నుతో కొట్టేసింది. మార్చిన కాపీ తెర దగ్గరకి పంపడం ఆయన పని. గేటు దగ్గర దిగేసరికి మెళ్ళో పాసు లేదు, ఇంట్లో మర్చిపోయాడు. ప్రసంగం రాసింది నేనే బాబూ అని ఎంత మొత్తుకున్నా కాపలావాళ్ళు లోపలికి వదల్లేదు. ఫోనులో పంపొచ్చని కూడా తట్టకుండా అరగంట ఆ గొడవలో గడిచింది. లోపలికొచ్చేసరికి రెండు వందలమంది లేచి నిలబడి ఉన్నారు.

పిన్ని నవ్వు ఆపుకోలేక వైరు చుట్ట కింద పడేసింది.

పిట్టకి నవ్వు రాలేదు. "ఎందుకు కొట్టేశారండీ ఆవిడ?"

"మొదటి నెలలోనే అని నేను ఊపులో రాసేశాను. అంత తొందరగా అవుతుందో లేదో నాకు తెలీదు, తెలీనిది చెప్పను అంది."

ఈ జవాబు పిట్ట అనుకోలేదు. మూడు రోజులుగా మనసులో ఒక అబద్ధాలకోరుని నిలబెట్టుకుని చెడామడా తిడుతోంది. ఇప్పుడు ఆ మనిషి కాస్తా వేరే మనిషైపోయింది. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"మరి ఈ కాగితం రాయమంది ఆవిడేనా?"

రచయిత తల అడ్డంగా ఊపాడు. "ఆవిడకి అసలు తెలీదమ్మా. తెర ఆవిడ వెనకాల ఉంది. కెమెరాలన్నీ జనం వైపు తిరిగాయి. తెర ఎవరి వీడియోలోనూ పడలేదు. నేను మాట్లాడకుండా ఆగినా జనం లేచి నిలబడ్డారని మూడు రోజులుగా కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోతోంది. ఇంక ఆ పోస్టరు సంగతి నువ్వూ చూసే ఉంటావు."

చూడకేం. దుకాణం ఎదురుగా బస్‌స్టాపు గోడ నిండా అదే. చేతులు పైకెత్తి నిలబడ్డ జనం, గుండెల మీద చెయ్యితో నాయకురాలు, కింద లావుపాటి అక్షరాలు: మాటకంటే ముందే నమ్మకం. మంగళవారం పొద్దున్న బస్సు దిగుతూ పిట్ట ఆ పోస్టరు చూసి మెట్టు తప్పింది. చేతులెత్తిన జనంలో మొట్టమొదటి మొహం వాళ్ళ నాన్నది.

"అయితే ఇంత అవసరం ఇప్పుడెందుకొచ్చింది?" అంది పిన్ని.

"ఎవరో కార్మికుడు నిన్న కర్మాగారం మేనేజరు గదిలోకి వెళ్ళి, చట్టం వస్తోంది, మా కాగితాలు సిద్ధం చెయ్యండి అన్నాడట. మేనేజరు మా పక్షం ఆఫీసుకి ఉత్తరం రాశాడు, నిజమేనా అని. అది నా బల్ల మీద ఉంది. ఆవిడ బల్ల మీదకి వెళ్ళేలోపు..." వాక్యం పూర్తి చెయ్యలేదు. జనం చేత చప్పట్లు కొట్టించే వాక్యాలు రాసిన మనిషి, సొంత వాక్యం ఒక్కటి పూర్తి చెయ్యలేకపోయాడు.

ఆ కార్మికుడెవరో పిట్టకి వేరే చెప్పక్కర్లేదు. నాన్న పెట్టె అడుగునుంచి డాక్టరు కాగితాలన్నీ తీసి ఇంట్లో బల్ల మీద పరిచాడు. షెడ్డులో పనిచేసి వినికిడి పోయినవాళ్ళ పేర్లు నోటుబుక్కులో రాస్తున్నాడు. నిన్న సాయంత్రానికి నాలుగు వందల ఆరయ్యాయి. వీధి వీధంతా టముకు వేసొచ్చాడు. ఈ కాగితం మీద సంతకం పడితే ఆ నోటుబుక్కు ఏమవుతుంది? ఆ నాలుగు వందలమంది ముందు నాన్న తలెత్తుకుని ఎలా తిరుగుతాడు?

"మనకి ఆవిడవి ఇంకా మూడు సభలున్నాయి," అంది పిన్ని, వైరు చుట్ట మళ్ళీ అందుకుంటూ. "అయినా నాకోసం చూడకు. సంతకం నీది, నీ ఇష్టం."

సరిగ్గా అప్పుడు వీధిలోంచి ఒక గొంతు వినపడింది. తన గొంతు తనకి వినపడని మనిషికి మెల్లగా మాట్లాడటం రాదు. "పిట్టా! ఇదిగో చూడు! అడిగితే ఒకటి ఇచ్చారు!"

నాన్న చంకలో పోస్టరు చుట్టతో లోపలికొచ్చాడు. వచ్చీ రాగానే దాన్ని బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు మైకులు పెట్టాడు. కొత్త మనిషిని చూసి పిన్ని వైపు తిరిగాడు. "ఎవరు మరదలా ఈయన?"

పిన్ని ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పింది. "ప్రసంగం రాసిన సారు, బావా."

అంతే. నాన్న రెండడుగుల్లో వెళ్ళి రచయిత చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతుల్లో ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. అదీ షెడ్డులోనే పోయింది. "ఆ షెడ్డు వాక్యం మీరే రాశారా?"

రచయిత తలూపాడు.

"బాగా రాశారు. ఇరవై ఎనిమిదేళ్ళలో మా గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదండీ. బాగా రాశారు."

రచయిత మొహం కందగడ్డలా అయింది. చెయ్యి వెనక్కి తీసుకోనూ లేడు, ఉంచనూ లేడు.

పిట్ట ఇంక ఉండబట్టలేకపోయింది. "సార్, సంతకం సంగతి తర్వాత. ముందు మా నాన్నకి చెప్పాలి," అని గోడకి ఆనించి ఉన్న చిన్న తెర వెలిగించింది. తెరలు పరీక్షించడానికి వాడేది, ఆ గదిలో ఎప్పుడూ ఉంటుంది. నాన్నతో పెద్ద సంగతులేమైనా మాట్లాడాలంటే పిట్టకి ఇదే దారి. పెట్టె ఒకటి లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది. చక్రాల బండిలా పరిగెత్తే వేళ్ళు ఇవాళ ఒక్కో అక్షరమూ వెతుక్కున్నాయి.

నాన్నా, ఆవిడ ఆ మాట అనలేదు. దాటేసింది. నువ్వు చదవాలన్న తొందరలో నేనే తెర మీద వేసేశాను.

నాన్న చదివాడు. పిట్ట తెర వైపు చూడలేదు, నాన్న మొహం వైపే చూసింది. ఆ మొహం పడిపోతుందని, పోస్టరు చుట్టుకుని వెళ్ళిపోతాడని మూడు రోజులుగా కంటున్న పీడకల. మొహం పడిపోలేదు.

"తెలుసే," అన్నాడు నాన్న.

"తెలుసా?" అని పిట్ట గట్టిగా అరిచింది, ఆయనకి వినపడదని మర్చిపోయి.

"నీళ్ళు తాగుతోంది కదే ఆవిడ! గ్లాసెత్తింది, నోటినిండా నీళ్ళున్నాయి. నోట్లో నీళ్ళు పెట్టుకున్న మనిషి చట్టం చేస్తానని ఎలా అంటుంది? పదేళ్ళుగా జనం పెదాలు చూసుకుని బతుకుతున్నాను, నాకా తెలీదు? మా రెండు వందలమందిలో తెలీనివాడు ఒక్కడు లేడు."

పిట్ట వేళ్ళు వాటంతటవే కదిలాయి. మరి ఎందుకు లేచారు?

నాన్న పోస్టరు మీద తన మొహం పక్కనున్న మొహాన్ని వేలితో చూపించాడు. "వీడు సైగ చేశాడు, ఆవిడ అనలేదురా అని. నేనూ సైగ చేశాను, అనకపోతేనేం, ఎవరో రాశారు కదా, లేవండి అని. అది వరసల వెంట పోయింది. కూర్చునే ఉంటే ఆ మాట తెర మీంచి పోయేది, ఇంక దాన్ని పుట్టించినవాడు కూడా నాదని ఒప్పుకోడు. లేచి నిలబడితే ఎందుకు నిలబడ్డారయ్యా అని ఆవిడ అడుగుతుంది కదా. అప్పుడు చెబుదాం అనుకున్నాం."

"పదకొండు సెకన్లలోనా?" అన్నాడు రచయిత, నోరెళ్ళబెట్టి. పిట్ట ఆ ప్రశ్న తెర మీద వేసింది.

నాన్న నవ్వాడు. "షెడ్డులో చప్పుడికి చెవులున్నప్పుడు కూడా ఎవరికీ ఏదీ వినపడేది కాదండీ. అంతా సైగలే. ప్రెస్సు కిందకి దిగేలోపు చెయ్యి తియ్యరా అని పక్కవాడికి చెప్పడానికి మాకుండేది రెండు సెకన్లు. పదకొండంటే బోలెడు. కానీ ఆవిడ అడగలేదు. తలూపేసింది. అందరి ముందూ తలూపింది కదా అని నేనే మేనేజరు దగ్గరికి పోయాను."

పిన్ని నోటి మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది. పిట్టకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. ఇంకొక్కటి అడక్కుండా ఉండలేకపోయింది. తెలిసీ మూడు రోజులు నాతో ఎందుకనలేదు?

నాన్న తెర చదివి, కూతురి వైపు తిరిగాడు. ఇప్పుడు మాత్రం, ఎలా సాధ్యమైందో గాని, గొంతు కాస్త తగ్గింది. "ఆ బటను నొక్కేది నువ్వని నాకు తెలీదా తల్లీ. నువ్వే చెబుతావేమోనని చూశాను."

పిట్ట కళ్ళు తుడుచుకుంది. సిగ్గేసింది, గుండె తేలికైంది, రెండూ ఒక్కసారే. ముక్కు ఎగబీల్చి మళ్ళీ కీబోర్డు అందుకుని మిగిలిన కథంతా తెర మీద పెట్టేసింది: ఎర్ర పెన్ను, గేటు దగ్గర పాసు, మేనేజరు ఉత్తరం, ఈ కాగితం. మొదటి నెలలో అవుతుందో లేదో తెలీదని కొట్టేసిందన్న వాక్యం దగ్గర నాన్న చెయ్యెత్తి ఆపాడు. దాన్ని రెండోసారి చదివాడు.

"అబద్ధం చెప్పడం ఇష్టం లేక కొట్టేసిందా? అలాంటి మనిషైతే మాట్లాడొచ్చు. మొదటి నెల కాకపోతే ఎన్నో నెలో అడుగుదాం."

రచయిత సంతకం పెట్టించుకోవడానికి తెచ్చిన కాగితాన్ని పిట్ట వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుని, తన ముత్యాల్లాంటి చేతిరాతతో మూడు వాక్యాలు రాసింది. ఈ మాట రాసి ఇచ్చిన కాగితంలో ఉంది. నాయకురాలు పలకలేదు. పొరపాటున తెర మీద వేసింది నేను. కింద సంతకం పెట్టి రచయిత చేతికిచ్చింది.

"ఇదైతే ఎక్కడ కావాలంటే అక్కడ చదివి వినిపించుకోండి సార్."

"ఇది బయటికొస్తే నా ఉద్యోగం ఉండదు అమ్మాయ్," అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. పోస్టరు మీద నాన్న మొహం చూస్తూ అన్నాడు.

ఆయన జేబులో ఫోను మోగింది. పేరు చూసి మనిషి నిటారుగా లేచి నిలబడ్డాడు. ఎవరని ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు. ఎత్తి, "అలాగేనండీ... అలాగేనండీ..." అంటూ రెండు నిమిషాలు విన్నాడు. తర్వాత ఒక్క క్షణం నాన్న చేతుల వైపు చూశాడు, చిటికెన వేలు లేని చెయ్యి వైపు. ఫోను బల్ల మీద, పోస్టరు నడిమధ్య పెట్టి స్పీకరు నొక్కాడు.

"నాకు ధైర్యం చాలదు," అన్నాడు పిట్టతో, గుసగుసగా. "నువ్వే చెప్పు."

ఫోనులోంచి నాయకురాలి గొంతు వచ్చింది. మైకు లేని ఆ గొంతు బొంగురుగా, అలిసిపోయి ఉంది. "వింటున్నారా? రేపు షెడ్ల దగ్గర సభకి ఆ లేచి నిలబడ్డవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టించండి. పోస్టరులో ముందున్న పెద్దాయన ఎవరో కనుక్కున్నారా?"

"ఆయన మా నాన్నండీ," అంది పిట్ట.

"ఎవరమ్మా నువ్వు?"

"సభలో తెర మీద అక్షరాలు వేసే అమ్మాయినండీ. ఆదివారం మొదటిసారి ఓటు వేస్తున్నాను. ఎవరికో ఇంకా తేల్చుకోలేదు."

రచయిత కళ్ళు మూసుకున్నాడు. పిట్ట మాత్రం తడుముకోకుండా, తను అంటున్న ప్రతి మాటా ఆ వెంటే తెర మీద వేస్తూ, మొత్తం చెప్పేసింది. వాళ్ళు లేచింది మీ మౌనానికి కాదండీ, మీరు కొట్టేసిన వాక్యానికి. మీరు అనలేదని వాళ్ళకి తెలుసు. మీరు అడుగుతారని లేచారు. మీరు తలూపారు.

ఫోను అవతల ఏ చప్పుడూ లేదు. అంతసేపు మౌనం ఆ నాయకురాలి ఏ ప్రసంగంలోనూ పిట్ట చూడలేదు.

"ఆయన అక్కడే ఉన్నారా?" అంది చివరికి.

"ఉన్నారండీ. మీరేమన్నా ఇక్కడ తెర మీద చదువుకుంటారు."

"నేనేమన్నా వేసేస్తావా?"

"మీరన్నవన్నీ వేస్తానండీ. అననిది ఇంక ఒక్కటి కూడా వెయ్యను."

అవతల గ్లాసులో నీళ్ళు కదిలిన సన్నటి చప్పుడు. నాన్న తెర మీంచి చూపు తిప్పకుండా, "ఏమంటోంది?" అని అడిగాడు.

పిట్ట వేసింది: నీళ్ళు తాగుతోంది.

నాన్న పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఫోనులోంచి అటువైపు వెళ్ళే ఉంటుంది. నవ్వేసి, కుర్చీ లేని ఆ గదిలో, ఆదివారం లేచి నిలబడ్డట్టే నిటారుగా నిలబడ్డాడు. చేతులు మాత్రం ఎత్తలేదు.

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. నాయకురాలు గొంతు సవరించుకుంది. పిట్ట వేళ్ళు కీబోర్డు మీద, ఒక్క అక్షరం కూడా ముందుకు పోకుండా, ఆగి ఉన్నాయి.